బ్యాక్టీరియా మొలతాడు మీద గురి పెట్టే పని మన హైదరాబాద్‌లో ఎందుకు జరగకూడదు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో యాంటీబయాటిక్స్ పనిచేయడం మానేస్తున్నాయని వచ్చిన వ్యాసం చదివాను. అందులో రాసిన భయం నిజమే, నేను రోజూ కళ్లారా చూసేదే. కానీ చివరికొచ్చేసరికి ఇక కొత్త మందులు రావు, ఉన్నవాటిని జాగ్రత్తగా వాడుకోండి, చేతులు కడుక్కోండి అని ముగించేశారు. చేతులు కడుక్కోవాల్సిందే, అందులో తేడా లేదు. కానీ బ్యాక్టీరియా రెండుగా విడిపోకుండా ఆపే కొత్త మందులకు దారి ఉందని, ఆ దారిలో సగం మన ఊళ్లోనే ఉందని ఒక్క ముక్క కూడా రాయలేదు. అది నాకు చాలా బాధ అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను డాక్టర్ని కాదు, సైంటిస్టునీ కాదు. అమీర్‌పేట వైపు ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో మైక్రోబయాలజీ టెక్నీషియన్‌ని. 24 ఏళ్లుగా కల్చర్ ప్లేట్లు చూడటమే నా పని. పేషెంట్ యూరిన్ గానీ చీము గానీ వస్తే దాన్ని ప్లేట్ మీద గీసి రాత్రంతా ఇంక్యుబేటర్లో పెడతాం, పొద్దున్నే తీస్తే మెకాంకీ ప్లేట్ మీద గులాబీ రంగు చుక్కలు కనిపిస్తాయి, ఎక్కువసార్లు అది ఈ.కోలై అనే బ్యాక్టీరియా. ఆ చుక్కల్లోంచి కొంచెం తీసి ఇంకో ప్లేట్ నిండా పూసి, దాని మీద ఒక్కో మందు అద్దిన చిన్న చిన్న కాగితం బిళ్లలు పెడతాం. మర్నాటికి మందు పనిచేసిన బిళ్ల చుట్టూ ఖాళీ వలయం వస్తుంది, స్కేలు పెట్టి ఎన్ని మిల్లీమీటర్లో కొలుస్తాం, పనిచేస్తే రిపోర్టులో ఎస్ అని, పనిచేయకపోతే ఆర్ అని రాస్తాం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆర్ రాయాల్సి వస్తే ఇంకోసారి కొలిచేదాన్ని, పొరపాటు పడ్డానేమోనని. ఇప్పుడు అన్నీ ఎస్ వస్తే ఇంకోసారి కొలుస్తున్నాను.

రెండేళ్ల కిందట మా అమ్మ ప్లేట్ నేనే చూశాను. అమ్మకి 71 ఏళ్లు, షుగర్ ఉంది. చలిజ్వరం వస్తే నేను డ్యూటీలో ఉన్నానని మా తమ్ముడు దగ్గర్లోని మెడికల్ షాపుకి వెళ్లి చీటీ లేకుండానే నాలుగు సెఫిక్సిమ్ మాత్రలు తెచ్చి వేశాడు. రెండు రోజులకు జ్వరం తగ్గింది, అమ్మ మాత్రలు ఆపేసింది, మేము కూడా ఊరుకున్నాం. వారం తిరక్కుండా పళ్లు టకటకలాడే వణుకుతో మళ్లీ వచ్చింది. ఈసారి శాంపిల్ ల్యాబ్‌కి తీసుకెళ్లాను. మూడో రోజు పొద్దున ప్లేట్ తీసి వెలుతురుకి పెట్టి చూస్తే, బిళ్లల అంచుల దాకా బ్యాక్టీరియా చాప పరిచినట్టు పెరిగి ఉంది. అమాక్సిసిలిన్‌కి లేదు, సెఫిక్సిమ్‌కి లేదు, సెఫ్ట్రియాక్సోన్‌కి లేదు, సిప్రోఫ్లాక్సాసిన్‌కి లేదు. అమికాసిన్ చుట్టూ ఒక వలయం, మెరోపెనెం చుట్టూ 26 మిల్లీమీటర్ల వలయం, అంతే. అమ్మ పేరు రాసి ఉన్న రిపోర్టులో వరసగా ఆర్, ఆర్, ఆర్ అని నా చేత్తో రాస్తుంటే చెయ్యి ఆడలేదు. ఏడు రోజులు ఎనిమిది గంటలకోసారి మెరోపెనెం ఎక్కించారు, దేవుడి దయ, కోలుకుంది. ఆ నాలుగు మాత్రల వల్లే ఇలా అయిందని నేను అనను, ఆ బ్యాక్టీరియా అప్పటికే మొండిది అయి ఉండొచ్చు. కానీ ఆ మెరోపెనెం బిళ్ల దగ్గర కూడా చాప పరిచి ఉంటే ఏమయ్యేదో అనే ఆలోచన ఇప్పటికీ రాత్రుళ్లు వస్తుంది. అలాంటి ప్లేట్లు కూడా నేను చూశాను, అవి వేరేవాళ్ల అమ్మలవి.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడో మూడో ఏడో, ఒక యూరిన్ స్మియర్ మైక్రోస్కోప్ కింద చూస్తుంటే పొట్టి పుల్లల్లా ఉండాల్సిన ఈ.కోలై సేమియాలా పొడుగ్గా, మెలికలు తిరిగి కనిపించింది. ఒక్కొక్కటి మామూలు దానికంటే పది పదిహేను రెట్లు పొడుగు. ఫంగస్ అనుకుని రాసేయబోయాను. మా సీనియర్ మేడమ్ చూసి, "ఫంగస్ కాదమ్మా, అదే ఈ.కోలై. పేషెంటు సెఫలోస్పోరిన్ వాడుతున్నాడేమో అడుగు" అన్నారు. అడిగితే నిజమే, సెఫిక్సిమ్ లాంటి మందుల కుటుంబమే అది. మందు దాన్ని వెంటనే చంపలేదు, రెండుగా విడిపోకుండా ఆపింది. విడిపోలేక పొడుగ్గా పెరిగిపోతోంది. మందు సరిపడా అందితే చివరికి పగిలి చస్తుంది, మధ్యలో మందు ఆపేస్తే ఆ సేమియా మళ్లీ ముక్కలు ముక్కలుగా విడిపోయి ఎప్పటిలా తిరుగుతుంది. ఆ రోజు నుంచి నాకు బ్యాక్టీరియా ఎలా విడిపోతుంది అనే విషయం మీద ఆసక్తి పట్టుకుంది, దొరికింది దొరికినట్టు చదువుతూ వచ్చాను.

మేము చదువుకున్నప్పుడు బ్యాక్టీరియా అంటే ఎముకల్లేని సంచి అని చెప్పేవారు. గట్టి గోడ ఒకటి ఉంటుంది, లోపల రసం ఉంటుంది, మనుషుల కణాల్లో ఉన్నట్టు లోపల అస్థిపంజరం లాంటిది ఏమీ ఉండదు అని. అది తప్పని తేలింది. 1991లో అమెరికాలో లుట్‌కెన్‌హౌస్ బృందం ఎఫ్‌టీఎస్‌జెడ్ అనే ఒక ప్రొటీన్, బ్యాక్టీరియా విడిపోయే ముందు సరిగ్గా దాని నడుము దగ్గరికి చేరి ఉంగరంలా చుట్టుకుంటుందని చూపించింది. నాకైతే అది మొలతాడులా అనిపిస్తుంది, నడుముకి కట్టిన మొలతాడు. ఆ మొలతాడు కట్టిన చోటే కొత్త అడ్డుగోడ లేస్తుంది, ఒకటి రెండవుతుంది. మొలతాడు పడకపోతే అడ్డుగోడ లేదు, విడిపోవడం లేదు. 1998లో దాని ఆకారం బయటపడినప్పుడు ఇంకో ఆశ్చర్యం, అది అచ్చం మన కణాల అస్థిపంజరంలో ఉండే ట్యూబ్యులిన్ అనే ప్రొటీన్‌కి చుట్టం. వంద కోట్ల ఏళ్లకు పైబడిన చుట్టరికం, అయినా పోలిక పోలేదు. 2001లో ఇంకో ప్రొటీన్, ఎమ్‌ఆర్‌ఈబీ, మన కండరాల్లో ఉండే ఆక్టిన్‌కి చుట్టమని తేలింది. పుల్లలా ఉండే బ్యాక్టీరియా పుల్లలా ఉండటానికి కారణం అదే. ఏ22 అనే రసాయనంతో దాన్ని ఆపితే దోసకాయలా ఉండాల్సింది నిమ్మకాయలా గుండ్రంగా అయిపోతుంది.

2017లో వచ్చిన ఫలితాలు నాకు ఇంకా ఇష్టం. ఈ మొలతాడు కదలకుండా ఉండేది కాదట. చిన్న చిన్న పోగులుగా, ముందు కొసన కొత్త ముక్కలు చేరుతూ వెనక కొసన పాతవి రాలిపోతూ నడుము చుట్టూ తిరుగుతూ ఉంటుంది. బతుకమ్మ చుట్టూ ఆడేటప్పుడు వరసలోకి ముందు కొందరు వచ్చి చేరుతుంటే వెనక కొందరు తప్పుకుంటూ వరస మాత్రం తిరుగుతూనే ఉంటుంది చూశారా, అలాగ. గోడ కట్టే ఎంజైములు ఆ పోగుల వెంటే తిరుగుతూ లోపలికి లోపలికి గోడ కట్టుకుంటూ పోతాయి. మనం వాడే పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు అన్నీ దెబ్బ కొట్టేది ఈ గోడ కట్టే ఎంజైముల్నే. అంటే ఇన్నాళ్లూ మనం ఇటుక పేర్చే మేస్త్రీల చేతులు కట్టేస్తూ వచ్చాం. బ్యాక్టీరియా ఏం చేసింది, మన తాళ్లను తెగ్గొట్టే కత్తెర తయారు చేసుకుంది. బీటా లాక్టమేజ్ అంటే ఆ కత్తెరే. మా అమ్మ ప్లేట్‌లో ఉన్నదీ అదే.

మరి మేస్త్రీల సంగతి వదిలేసి, ఎక్కడ గోడ కట్టాలో వాళ్లకి దారి చూపించే మొలతాడునే పట్టుకుంటే? ఆ కత్తెర ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఇది వేరే తాడు, వేరే ముడి. ప్రపంచంలో చాలామంది ఇప్పుడు ఈ ఆలోచన మీదే పనిచేస్తున్నారు. ఇది గాల్లో మేడలు కట్టడం కాదనడానికి కారణం చెబుతాను. ఎఫ్‌టీఎస్‌జెడ్‌కి చుట్టమైన మన ట్యూబ్యులిన్ మీద పనిచేసే మందులు ఎప్పటి నుంచో ఉన్నాయి. క్యాన్సర్‌కి ఇచ్చే పాక్లిటాక్సెల్, గౌట్ నొప్పికి ఇచ్చే కాల్చిసిన్, రెండూ దాన్ని పట్టుకునేవే. అంటే ఈ కుటుంబం ప్రొటీన్లని మందుతో పట్టుకోవచ్చని ఎప్పుడో రుజువైంది. మరి బ్యాక్టీరియాకి వేసిన దెబ్బ మనకి తగలదా అంటే, ఆకారం ఒకటే అయినా రెండింటి లోపలి అల్లికలో చాలా తేడా ఉంది, కాల్చిసిన్ ఎఫ్‌టీఎస్‌జెడ్‌ని ఏమీ చేయలేదు. ఆ తేడాలోనే మందుకి చోటు ఉంది.

2008లో అలాంటి మందు ఒకటి కనిపించింది కూడా, పీసీ190723 అని పేరు. అది మొలతాడుని తెంపదు, బిగుసుకుపోయి కదలకుండా చేస్తుంది. ఆడే వరస ఆగిపోయిందంటే ఇక గోడ లేదు. ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ అని మొండి స్టెఫైలోకాకస్ ఉంటుంది, ఆసుపత్రుల్లో ఆపరేషన్ పుండ్లలో పట్టుకునేది, దాన్ని కూడా అది చంపింది, ప్రాణం తీసేంత డోసులో స్టెఫైలోకాకస్ ఎక్కించిన ఎలుకలు బతికాయి. 2012లో ఇంకా మంచి సంగతి బయటపడింది. ఈ మందుని ఇమిపెనెం లాంటి పాత మందుతో కలిపి ఇస్తే, ఆ పాత మందుకి లొంగని ఎమ్‌ఆర్‌ఎస్‌ఏ మళ్లీ లొంగింది. మొలతాడు బిగుసుకుపోయేసరికి గోడ కట్టే ఎంజైములు కూడా ఉండాల్సిన చోట ఉండలేక చెల్లాచెదురయ్యాయి, పాత మందు దెబ్బ మళ్లీ తగలడం మొదలైంది. సంపాదకులు గారూ, రోజూ ఆర్ అని రాసే నాలాంటి వాళ్లకి ఇది ఎంత పెద్ద మాటో చెప్పలేను. బీరువాలో పెట్టి తాళం వేసేసిన మందులు మళ్లీ బయటికి తీసి వాడుకోవచ్చేమో అన్నమాట.

ఇబ్బందులు కూడా చెప్పాలి, లేకపోతే వాట్సాప్ మెసేజ్‌కీ ఈ ఉత్తరానికీ తేడా ఉండదు. ఈ ప్రొటీన్ మీద పనిచేసే మందు ఇప్పటి దాకా ఒక్కటి కూడా మార్కెట్లోకి రాలేదు. ఎఫ్‌టీఎస్‌జెడ్‌లో ఒక చిన్న మార్పు వచ్చినా స్టెఫైలోకాకస్ ఆ 2008 మందు నుంచి తప్పించుకుంటుంది, అందుకే ఒంటరిగా ఇస్తే లాభం లేదు, జోడీగా ఇవ్వాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు, అది స్టెఫైలోకాకస్‌ని చంపినట్టు ఈ.కోలైని చంపలేదు. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియాకి గోడ బయట ఇంకో పొర ఉంటుంది, లోపలికి దూరిన మందుని పట్టుకుని బయటికి తోసేసే పంపులు ఉంటాయి. మా ల్యాబ్‌లో ఆర్ అని రాసేవాటిలో ఎక్కువ ఈ రకమే. ఆ రెండు పొరలు దాటి పంపులకి దొరక్కుండా లోపలికి వెళ్లే అణువుని తయారు చేయడం కెమిస్టుల పని, చాలా ఓపిక కావాల్సిన పని. కెమిస్టులకి కరువు లేని ఊరేదైనా ఉంటే అది మన హైదరాబాదే.

ఇక్కడే పసుపు గురించి ఒక మాట. 2008లోనే ఐఐటీ ముంబైలో దులాల్ పాండా గారి బృందం పసుపులో ఉండే కర్క్యుమిన్ ఎఫ్‌టీఎస్‌జెడ్ ఉంగరం కట్టకుండా అడ్డుపడుతుందని టెస్ట్‌ట్యూబుల్లో, బ్యాక్టీరియాలో చూపించింది. చదివినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. కానీ కర్క్యుమిన్ మన కడుపులోంచి రక్తంలోకి సరిగ్గా ఎక్కదు, యూరిన్ ఇన్ఫెక్షన్‌కి పసుపు పాలు మందు కాదు, దయచేసి ఎవరూ అలా చేయొద్దు. ఆ పరిశోధన విలువ వేరే ఉంది, మన దేశంలో కూర్చుని ఈ ప్రొటీన్ మీద పని చేసేవాళ్లు ఉన్నారని అది చెబుతోంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. నేను ఉప్పల్‌లో ఉంటాను, రోజూ మెట్రోలో అమీర్‌పేట వెళ్తాను. ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ, తార్నాక అని వరసగా మూడు స్టేషన్లు వస్తాయి. ఆ మూడు స్టేషన్ల మధ్య రోడ్డు పక్కనే జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, రసాయనాల మీద పరిశోధన చేసే ఐఐసీటీ ఉంది. ఐఐసీటీ 1944లో నిజాం కాలంలో మొదలైంది, సీసీఎంబీ 1977లో. సీసీఎంబీలో మంజులా రెడ్డి గారు ఎన్నో ఏళ్లు ఈ.కోలై గోడ మీదే పనిచేశారు, ఆ పనికే 2019లో ఇన్ఫోసిస్ ప్రైజ్ వచ్చింది. ఆవిడ కనిపెట్టింది నాకు అర్థమైనంత వరకు చెబుతాను. బ్యాక్టీరియా గోడ చేపల వల లాంటిది, దారాలు, వాటిని కలిపే ముడులు. బ్యాక్టీరియా పెరగాలంటే వల పెద్దది కావాలి. కొత్త దారం దూర్చాలంటే ముందు పాత ముడిని కోయాలి కదా, ఆ ముడి కోసేది ఎవరు అనేది చాలాకాలం తెలియలేదు. 2012లో ఆవిడ బృందం మూడు ఎంజైములు ఆ పని చేస్తున్నాయని, మూడూ లేకపోతే బ్యాక్టీరియా పెరగలేదని చూపించింది. అందరూ వల అల్లేవాళ్ల మీదే గురి పెడితే ఆవిడ ముడి కోసేవాళ్లని చూపించారు. ఇది మన హబ్సిగూడలో జరిగింది! నేను రోజూ మెట్రో కిటికీలోంచి చూసే చోట. మీ వ్యాసంలో ఆవిడ పేరు లేదు.

ఇక తయారీ సంగతి వేరే చెప్పాలా? 1961లో మొదలైన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది, అక్కడ పని నేర్చుకున్నవాళ్లే తర్వాత మందుల ముడిసరుకు తీసే బల్క్ డ్రగ్ కంపెనీలు పెట్టారు, హైదరాబాద్‌కి మందుల ఊరని పేరు అలా వచ్చింది. ఆ బాలానగర్‌లోనే ఇప్పుడు నైపర్ ఉంది, పిల్లలు ఫార్మా చదువుతున్నారు. ఇంకా వెనక్కి వెళ్తే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగానికి పెద్దగా ఉన్నప్పుడే ఆరియోమైసిన్ బయటికొచ్చింది, 1948లో, టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో మొట్టమొదటిది అది. కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టడం మనవాళ్ల వల్ల కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చెన్నైలో పుట్టిన, బ్యాక్టీరియా కత్తెరని ఆపే ఎన్‌మెటజోబాక్టమ్‌ని సెఫెపైమ్ అనే పాత యాంటీబయాటిక్‌తో కలిపిన మందుకి 2024లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. చెన్నైకి చేతనైంది మనకి చేతకాదా?

బ్యాక్టీరియా గోడ గురించి లోతుగా తెలిసినవాళ్లు హబ్సిగూడలో ఉన్నారు, అణువులు తయారు చేయగలిగినవాళ్లు తార్నాకలో ఉన్నారు, టన్నుల లెక్కన మందు తీయగలిగినవాళ్లు జీడిమెట్లలో, పటాన్‌చెరులో ఉన్నారు, మొండి బ్యాక్టీరియా కావాలంటే మాలాంటి ల్యాబుల ఫ్రిజ్‌లలో ఉంది. అన్నీ ఒకే ఊళ్లో ఉన్నాయి. లేనిదల్లా మధ్యలో ఖర్చు పెట్టేవాళ్లు. ఒక అణువు ప్రొటీన్‌ని పట్టుకుంటుందని ల్యాబ్‌లో తేలిన రోజు నుంచి అది మాత్రగా మారే రోజు దాకా ఏళ్లు పడుతుంది, కోట్లు కావాలి, మధ్యలో చాలా అణువులు పోతాయి. కంపెనీలు ఎందుకు ముందుకు రావో కూడా నాకు అర్థమవుతుంది. బీపీ మాత్ర జీవితాంతం వేసుకుంటారు, యాంటీబయాటిక్ వారం వేసుకుని ఆపేస్తారు. పైగా కొత్త యాంటీబయాటిక్ మంచిదైతే డాక్టర్లు దాన్ని దాచిపెట్టి చివరి అస్త్రంగా వాడతారు, వాడాల్సింది కూడా అలాగే, కానీ అమ్ముడుపోని సరుకుతో కంపెనీ ఎలా బతుకుతుంది? అమెరికాలో అకావోజెన్ అనే కంపెనీ ప్లాజోమైసిన్ అని మంచి మందు తీసింది, 2018 జూన్‌లో అనుమతి వచ్చింది, 2019 ఏప్రిల్‌కల్లా దివాలా తీసింది. ఏడాది కూడా గడవలేదు.

బ్రిటన్ దీనికి ఒక ఉపాయం పట్టింది. 2022లో రెండు కొత్త యాంటీబయాటిక్స్‌కి ఎన్ని అమ్మారు అనే లెక్కతో పని లేకుండా కంపెనీకి ఏడాదికి ఇంత అని కట్టడం మొదలుపెట్టింది. ఫైర్ ఇంజన్‌కి మంటలు లేని రోజు కూడా జీతాలు ఇస్తాం కదా, అలాంటిది. మన రాష్ట్ర ప్రభుత్వం ఫార్మా గురించి ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటుంది, ఎకరాల గురించి, పెట్టుబడుల గురించి, ఉద్యోగాల గురించి. ఆ మాటల్లో ఒక్కసారైనా కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టడానికి ఇంత డబ్బు పక్కన పెడుతున్నాం, సీసీఎంబీ, ఐఐసీటీ, నైపర్, ఆసుపత్రుల ల్యాబులు, ఒకటి రెండు కంపెనీలు కలిసి పదేళ్లు పనిచేయండి, మొదటి మూడేళ్లలో ఏమీ రాకపోయినా అడగం అనే మాట వినాలని ఉంది. పదేళ్లు అని ఎందుకంటున్నానంటే మూడేళ్ల ప్రాజెక్టులతో ఈ పని అవదు, ప్రాజెక్టు అయిపోగానే పిల్లలు వేరే ఉద్యోగాలకి వెళ్లిపోతారు, నేర్చుకున్నదంతా వాళ్లతోనే పోతుంది.

ఇంకో మాట చెప్పకపోతే నా మనసు ఒప్పదు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లని పరీక్షిస్తే, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దానికంటే ఎక్కువ అది. ఆ నీళ్లలో బతికి బయటపడ్డ బ్యాక్టీరియాకి మందు అంటే భయం ఎందుకుంటుంది? రేపు మొలతాడు మందు వచ్చినా, ముడి కోసేవాళ్ల మీద మందు వచ్చినా, దాన్నీ ఇలాగే కాలువలో కలిపితే మనమే మన చేత్తో బ్యాక్టీరియాకి ట్యూషన్ చెప్పినట్టు. వ్యర్థాల్లో మందు ఎంత దాకా ఉండొచ్చో కచ్చితమైన హద్దు పెట్టి, దాన్ని కొలిచి, కొలిచిన అంకెని జనానికి కనిపించేలా పెట్టాలి. మేము ఒక మిల్లీమీటర్ తేడా వస్తే రిపోర్టు మార్చాల్సి వస్తుంది, వాళ్లకి కూడా కొలత ఉండాలి కదా.

మెడికల్ షాపుల విషయం కూడా అంతే. 2014 మార్చి 1 నుంచి కొన్ని మందుల అమ్మకానికి హెచ్1 షెడ్యూల్ అనే నియమం అమల్లో ఉంది. సెఫిక్సిమ్ అందులోదే. చీటీ లేకుండా ఇవ్వకూడదు, చీటీ చూసి ఇచ్చినా డాక్టర్ పేరు, పేషెంట్ పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు దాచాలి. మా తమ్ముడికి ఆ నాలుగు మాత్రలు ఇచ్చిన షాపులో ఎవరూ ఏమీ అడగలేదు. షాపతన్ని ఒక్కడినే అనడం నాకు ఇష్టం లేదు, అడిగింది మేమే కదా. కానీ అలా అడిగితే ఇవ్వరు అని ఊరంతా తెలిస్తే మా తమ్ముడు ఆ రోజు అమ్మని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేవాడు.

2019 ఒక్క ఏడాదిలో మందులకి లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా వేశారు. మీ వ్యాసంలో కూడా పెద్ద పెద్ద అంకెలు చాలా వేశారు. అంకెలు చదివిన వాళ్లకి భయం వేస్తుంది, టెన్షన్ పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఇంటర్ చదివే పిల్లలు మీ పేపర్ చదువుతారు, ఆ అంకెల పక్కన బ్యాక్టీరియా నడుముకి మొలతాడు ఉంటుంది, అది తిరుగుతుంది, దాన్ని ఆపే అణువు కోసం వెతుకుతున్నారు, ఆ వెతకడంలో నువ్వు కూడా చేరొచ్చు, సీసీఎంబీ నీకు రెండు స్టాపుల దూరం అని రాస్తే ఏ పిల్లో పిల్లాడో ఆగి ఆలోచిస్తారు. నాకు 22 ఏళ్లప్పుడు ఎవరైనా అలా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

అందుకే నా విన్నపం ఒకటే. మీ విలేకరి ఎవరినైనా ముందు హబ్సిగూడ పంపండి, అక్కడి పరిశోధకులతో మాట్లాడి వాళ్ల పని మనందరికీ అర్థమయ్యే తెలుగులో రాయించండి. ఒక్క ఆదివారంతో సరిపెట్టకండి, నాలుగైదు వారాలు వరసగా వేయండి. తర్వాత మా ల్యాబ్‌కి రమ్మనండి, పొద్దున ఏడింటికి, ప్లేట్లు తీసే వేళకి. పేషెంట్ల పేర్లు కనిపించకుండా ప్లేట్ చూపిస్తాను, స్కేలు ఇచ్చి కొలవమంటాను. మేడమ్ అనుమతి ముందే అడిగి పెట్టుకుంటాను. ఆ సేమియా లాంటి ఈ.కోలై స్లైడ్ రోజూ దొరకదు, దొరికిన రోజు దాచి పెట్టి నేనే కబురు చేస్తాను.

ఇట్లు
ఒక మైక్రోబయాలజీ ల్యాబ్ టెక్నీషియన్,
ఉప్పల్, హైదరాబాద్